మడికి నిలిచిన స్లీపింగ్ బ్యాగు

మంచుకొండల నడుమ కూర్చుని కూడా, ఇక్కడ వరంగల్ ఎండల్లో మాడిపోయే మమ్మల్ని మరిచిపోని ఆ బదరీనారాయణుడికి ముందుగా వేయి దండాలు. ఏ చలికి ఎవరికి ఏ దుప్పటి కప్పాలో ఆయనకు తెలుసు. మనకు తెలియదు. తెలియకపోతే ఊరుకుంటామా అంటే అదీ లేదు, అన్నీ తెలిసినట్టు సికింద్రాబాదు దాకా వెళ్లి బేరమాడి వస్తాం. ఆయన నవ్వుకుని, మనం మోసుకొచ్చినదాన్నే ఎవరికి చెందాలో వాళ్లకు చేరుస్తాడు. నాకు మీసం సరిగ్గా రాని వయసులో స్వామి నాతో ఆడిన అలాంటి ఆట ఒకటి చెబుతాను. ఆయన పేరు తలుచుకుని మొదలుపెడుతున్నాను కనుక తప్పులుంటే ఆయనే సర్దుకుంటాడు.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మా ఊళ్లో చలి అంటే ధనుర్మాసంలో పొంగలి ప్రసాదం కోసం చీకటితో గుడికి వెళ్లేటప్పుడు ముక్కు కొసకు తగిలేది, అంతే. ప్రసాదం వేడికి అదీ పారిపోయేది. అయితే ఆ కాస్త చలి కూడా నన్ను పడగొట్టడానికి చాలు. మా ఇంట్లో నా తుమ్ములకు చాలా పేరుండేది. "ఖిలా వరంగల్ల గాలి ఇసిరితే వీడు ఈడ తుమ్ముతడు" అని బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. బాపుది, అంటే మా నాన్నది, మిర్చి కమీషను దుకాణం. ఆయన తల్లి, మా బాపమ్మ, ఇంటికి మహారాణి. ఆమె మడి ముందు మా ఇంట్లో గోడలు కూడా ఒదిగి నిలబడేవి. అమ్మ వంటింట్లోంచి అందరి పక్షానా ఒకేసారి మాట్లాడేది.

మా బజారులోని రామాలయంలో శనివారం శనివారం భజన జరిగేది. దానికి పెద్ద మేము ఏకాదశి మామ అని పిలుచుకునే ఆయన. (ఏకాదశినాడు మంచినీళ్లు కూడా ముట్టడు. ద్వాదశినాడు ఆయన ముందు కూర్చుని తినడానికి మేమెవరమూ సాహసించేవాళ్లం కాదు.) ఆ వేసవిలో మండలి అంతా బదరీ యాత్రకు పోవాలని తీర్మానమైంది. పెద్దవాళ్లు బదరిలో ఆగుతారు. కుర్రవాళ్లు మాత్రం మానా ఊరు దాటి, పాండవులు స్వర్గానికి నడిచారని చెప్పే దారిలో సతోపంథ్ సరస్సు దాకా వెళతారు. మధ్యలో డేరాలు వేసుకుని మంచులో పడుకోవాలి. పాండవులు ఒక్కొక్కరే రాలిపోయే ఘట్టాన్ని మామ ఏటా చెప్పి ఏటా ఏడ్చేవాడు, మేమూ ఏడ్చేవాళ్లం. ఆ దారిలో ఒక్కసారి కాలు పెడితే చాలు, ఈ జన్మకు ఇంకేమీ వద్దనిపించింది నాకు.

బాపు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అంతటి భీముడే పడిపోయిండు గా తొవ్వల. నువ్వెంత? మొదటి మలుపుకాడనే తుమ్ముకుంట కూలవడతవ్."

"స్లీపింగ్ బ్యాగు ఉంటే సలి తెల్వదట బాపూ. అండ్ల జొరబడి జిప్పు గొలుసు గుంజుకుంటే అయిపాయె."

"ధర్మరాజు ఏ బ్యాగుల పండిండురా?"

నేను విన్న పురాణాల్లో ఎక్కడా దీనికి జవాబు లేదు. నేను అన్నం మానేశాను. (ఒక పూట. రెండో పూట పచ్చిపులుసు చేశారు.) చివరికి బాపు వ్యాపారి మాట ఒకటి చెప్పాడు. "సరుకు కండ్ల చూడంది నేను సౌదా చెయ్య. ఆ బ్యాగేందో తే. సలికి ఆగుతదని నాకు చూపెట్టు. ఆగితే పో. ఆగకపోతే మాట్లాడకుంట దుకాణంల కూసో." ఇక నా స్వర్గారోహణమంతా ఒక సంచి మీద ఆధారపడింది.

సికింద్రాబాదులో కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే సేటు ఒకాయన బాపుకు తెలిసినవాడు. నా ముఖం చూసి రెండు బ్యాగులు చేతిలో పెట్టి, "రెండూ తీస్కపో, పసందైంది ఉంచుకో, ఇంకోటి వాపస్ తే" అన్నాడు. ఒకటి బాతు ఈకలు కూరినది. నొక్కితే సొరకాయంత మూటయ్యేది, వదిలితే పరుపులా పొంగేది. రెండోది సింథటిక్‌ది. పైన నైలాను గుడ్డ, లోపల ఫ్యాక్టరీలో తీసిన పాలిస్టరు దూది, పండుమిర్చి రంగు. ఎంత నొక్కినా పెళ్లి బాలీసులాగే ఉండేది. ఈకలది తేలిక, వెచ్చన కూడా ఎక్కువ, కాని తడిస్తే ఎందుకూ పనికిరాదనీ, సింథటిక్‌ది బరువైనా తడిని ఓర్చుకుంటుందనీ, తొందరగా ఆరుతుందనీ సేటు వివరంగా చెప్పాడు. అందులో 'తేలిక' అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. మోయవలసింది నేను కదా! మనసులో బాతునే ఖాయం చేసుకున్నాను.

ఇంటికి తెచ్చి వసారాలో పరిచేసరికి సభ కూడింది. ఏకాదశి మామ కూడా వచ్చాడు. బాపమ్మ గడప లోపలే నిలబడి, చీర కొంగు దగ్గరికి లాక్కుని విచారణ మొదలుపెట్టింది.

"గండ్ల ఏమున్నదిరా?"

"ఈకలు బాపమ్మా. బాతువి."

"రామ రామ! బాతు ఈకలల్ల పండి, పొద్దుగాల లేచి నారాయణుని ముందర నిలవడతవా?"

మామ నా పక్షం వచ్చాడు. "అట్లనకు అత్తా. కృష్ణుని నెత్తిమీద నెమలీక లేదా? స్వామి ఎక్కి తిరిగేది గరుత్మంతుని మీదనే గదా, ఆయినకు ఈకలు లేవా?"

ఇంత గట్టి ప్రమాణానికి బాపమ్మ లొంగుతుందనే అనుకున్నాను. ఆమె తడుముకోలేదు. "నెమలి తనంత తాను రాల్చింది, కృష్ణుడు పెట్టుకున్నడు. గరుత్మంతునియి గరుత్మంతునికే ఉన్నయి. ఈ బాతు తనంత తాను ఇచ్చిందా? పీక్కున్నరు గదా!" ఆ రోజు నుంచి భజనలో నెమలీక ప్రస్తావన వస్తే మామ గొంతు కొంచెం తగ్గేది.

"మరి గా ఎర్రదాండ్ల?"

"అది దేనిదీ కాదు బాపమ్మా. చెట్టుది కాదు, జంతువుది కాదు, పట్టులెక్క పురుగుది గూడ కాదు."

"అటు మనిషీ కాదు, ఇటు మృగమూ కాదన్నట్టు. అయితే నరసింహావతారమే. చూద్దాం" అంది.

ఆ 'చూద్దాం' అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. దుకాణం నుంచి వచ్చేసరికి రెండు బ్యాగులూ పెరట్లో నీళ్ల గోలెంలో మునిగి ఉన్నాయి, పైన కాస్త పసుపు కూడా తేలుతోంది. నేను కెవ్వుమన్నాను. బాపమ్మ నిదానంగా, "బయటి బట్ట తడపకుంట ఇంట్ల పెడతమా బిడ్డా? ఎన్ని ఊర్లు తిరిగొచ్చిందో, ఎవడెవడు ముట్టిండో" అంది. మా ఇంట్లో కొత్త పంచెలకైనా, పెళ్లికొడుకు ఉత్తరీయానికైనా ఇదే చట్టం. సికింద్రాబాదు బ్యాగులకు మినహాయింపు ఎందుకుంటుంది?

దండెం మీద వేశాం. పండుమిర్చి రంగుది ఎండకు నీళ్లు కార్చి, దులుపుకుని, మధ్యాహ్నం చాయ్ వేళకు ఏమీ ఎరగనట్టు పొంగి కూర్చుంది. బాతుది మాత్రం ఉండలు ఉండలుగా వేలాడుతూ, చెరువులో మునిగి చచ్చిన పక్షిలా రోజుల తరబడి ఏడ్చింది. దాని వాసనకు పక్కింటి పిల్లి వచ్చి దండెం కింద కాపురం పెట్టింది. సేటు చెప్పినదంతా నేను చెవిన పెట్టకపోతే, ఆ సంగతే బాపమ్మ నీళ్లలో ముంచి రుజువు చేసిందన్నమాట. ఆ ఈకల బ్యాగును వాపసు చేసే ముఖం లేక బాపు దాన్ని కొనేసి, మడిచి కుట్టించి, దుకాణంలో గద్దె మీద వేసుకున్నాడు. (దుకాణంలో మడి లేదు.) తర్వాత బతికినన్నాళ్లూ ఆయన మిర్చి బేరాలన్నీ బాతు మీద కూర్చునే చేశాడు.

ఇక చలి పరీక్ష. రోహిణి కార్తె ఎండల్లో వరంగల్‌లో చలి ఎక్కడ దొరుకుతుంది? "మన సరుకున్న కాడనే" అన్నాడు బాపు. ధర వచ్చేదాకా మిర్చిని దాచిపెట్టే కోల్డ్ స్టోరేజీలో మా టిక్కీలు కూడా ఉండేవి. (మిర్చి బస్తాలను మా దగ్గర అలా అంటారు.) స్వెటరు, మఫ్లరు, కోతిటోపీ, రెండు జతల సాక్సులు వేసుకుని, మిట్టమధ్యాహ్నం రిక్షాలో, ఒళ్లో ఎర్ర బ్యాగుతో బయలుదేరాను. వెనక రిక్షాలో సాక్షిగా ఏకాదశి మామ, ఆయన పక్కన బాపమ్మ. ("నా బిడ్డను ఐసుగడ్డల పెడతరా? నేనూ వస్త.") చౌరస్తాలో సోడా బండి దగ్గరున్నవాళ్లు నన్ను చూసి, "అరె, మిర్చి సేటు కొడుక్కు మలేరియా తిరగవెట్టినట్టున్నది, జల్ది దవాఖానకు తీస్కపోండ్రి" అని దారి ఇచ్చారు.

లోపల ఒక్క బల్బు వెలుగుతోంది. కప్పు దాకా టిక్కీల వరసలు. మందపాటి తలుపు తెరవగానే చలి ముఖం మీద కొట్టింది, వెనకే మిర్చి ఘాటు. రెండు వరసల నడుమ బ్యాగు పరిచి, లోపలికి దూరి, గొలుసు లాక్కున్నాను. నారాయణా! ఎంత హాయి! కాసేపటికే కాళ్ల దగ్గర మొదలైన వెచ్చదనం మెడ దాకా వచ్చింది. "బాపూ, మంచిగ ఎచ్చగున్న..." అంటుండగానే మొదటి తుమ్ము వచ్చింది. దాని వెనక దాని బంధువర్గమంతా వచ్చింది.

"అయిపాయె" అన్నాడు బాపు తలుపు దగ్గర్నుంచి. "సలి తాకింది."

"సలి కాదు బాపూ, మిర్చి!"

"నా బతుకంత మిర్చిలనే గడిచె. నాకు ఎన్నడన్న తుమ్ము వచ్చిందా? పోవుడు కోసమని నా సరుకును బద్నాం చేస్తానవారా?"

"మామా, నువ్వు చెప్పు! సలా, మిర్చియా?"

మామ ధర్మసందేహం తీర్చబోయి నోరు తెరిచాడు, ఆయనకూ తుమ్మే వచ్చింది. "తెల్వదురా అల్లుడా" అని ముక్కు మూసుకున్నాడు. నా పాండవుల దారి అక్కడ టిక్కీల మధ్య మూసుకుపోతున్నట్టే అనిపించింది. ఏడుపు వచ్చింది. (అది మాత్రం మిర్చి వల్ల కాదు.)

"జరగుండ్రి. నేను పండుకుంట" అంది బాపమ్మ.

జీవితమంతా రోకటితో కారం దంచిన మనిషి, ఆమె తుమ్మదు. కాబట్టి ఆమె చెప్పిందే తీర్పు. తులసిమాలతో సహా బ్యాగులోకి దిగింది. గొలుసు గడ్డం దాకా లాగాను. మేము బయట నిలబడ్డాం. జపం వినిపించింది. కాసేపటికి వినిపించలేదు.

"అమ్మా, సలి పెడతాందా?" అన్నాడు బాపు. జవాబు లేదు. "అమ్మా! ఓ అమ్మా!" అంతటి బాపు చిన్నపిల్లవాడిలా పరుగెత్తి, మోకాళ్ల మీద కూలబడి వంగి చూశాడు. బాపమ్మ సన్నగా గురక పెడుతోంది.

లేపితే కోప్పడింది. "ఎందుకు లేపిండ్రురా? ఎన్నేండ్లకు మోకాళ్లు సలపకుంట నిద్ర పట్టింది! బ్యాగు మంచిగున్నది. నేను బదరికి పోతాన."

"మరి పొల్లగాడు?" అన్నాడు బాపు.

"వాడు రాకుంటే ఈ మూట ఎవలు మోస్తరు?"

నేను గెలిచానో ఓడానో అర్థం కాలేదు. నాకు ఇంకో బ్యాగు కొనమని అడిగితే బాపు, "ఒకటి మీ బాపమ్మకాయె, ఇంకోదాని మీద నేను కూసున్న. మూడోది లేదు" అన్నాడు.

అలా బదరి చేరాం. సత్రంలో బాపమ్మ ఎర్ర బ్యాగులో, నేను రెండు రగ్గుల్లో. కోల్డ్ స్టోరేజీలో పట్టిన ఘాటు, లోపల ఒంటి వేడి తగిలేసరికి మెల్లగా బయటికి వచ్చేది. సత్రమంతా తుమ్ములు. పక్క గదిలోని యాత్రికులు వచ్చి, ఇక్కడ ఎవరికైనా మిరపకాయలతో దిష్టి తీస్తున్నారా అని అడిగారు. బాపమ్మ ఒక్కతే హాయిగా నిద్రపోయింది. మా మండలి కుర్రవాళ్లు మూటలు కట్టుకుని సతోపంథ్ దారి పట్టారు. నేను సత్రం అరుగు మీద నిలబడి, వాళ్లు చుక్కలయ్యేదాకా చూశాను.

మర్నాడు బాపమ్మ, "ఆ పాండవుల తొవ్వ ఏదిరా? నాకూ చూపెట్టు" అంది. చేతికర్ర, నా భుజం ఆసరాగా, ఆగుతూ ఆగుతూ మానా ఊరిదాకా నడిచాం. ఎక్కడినుంచో ఒక నల్ల కుక్క మా వెంటపడింది. ఇంట్లో గడప తొక్కిన కుక్క మీద చెంబెడు నీళ్లు గుమ్మరించే బాపమ్మ, కొంగున కట్టుకున్న సకినం విప్పి దానికి వేసింది. "ధర్మరాజు ఎంట వచ్చింది యముడే గదరా. ఎందుకైనా మంచిది" అంది.

ఊరు దాటాక, మంచుకొండల్లోకి వెళ్లే సన్నని దారి కనిపించింది. బాపమ్మ చెప్పులు విడిచి దండం పెట్టి, నా భుజం వదిలి, ఆ దారి మీద నాలుగడుగులు తానే వేసింది. నేను కళ్లు తుడుచుకుంటూ వెనకే ఉండిపోయాను. ఆమె ఆగి, తిరిగి నా వైపు చూసింది.

"ధర్మరాజు ఎనుకకు మర్లి చూడలేదంటరు" అంది. "నేనైతే చూస్తానరా. నువ్వు వస్తానవా లేదా అని."

ఆ దారిలో కాలు పెడితే చాలని కదా నేను కోరుకున్నది. పెట్టాను. ఆమె చెయ్యి పట్టుకుని పెట్టాను.

సతోపంథ్ నేను ఇప్పటికీ చూడలేదు. ఇప్పుడు నా మోకాళ్లు కూడా బాపమ్మ మాటలే మాట్లాడుతున్నాయి. ధనుర్మాసంలో అటక మీది ఆ ఎర్ర బ్యాగు దించుతాను. దూది అణగిపోయింది, రంగు వెలిసింది, గొలుసు సగం దాకే కదులుతుంది. అయినా అందులో కాళ్లు పెట్టి కాసేపు కూర్చుంటే ఎక్కడో మూల నుంచి ఒక్క తుమ్ము వస్తుంది. చలో, మిర్చో, బాపమ్మో ఈ వయసులోనూ తేల్చుకోలేక నవ్వుకుంటాను. ఇంతదాకా నా వెంట నడిచారు కదా, ఇంకొక్క అడుగు కూడా నాతో వేయండి. కళ్లు మూసుకుని ఆ బదరీశుడిని అడుగుదాం: స్వామీ, మాకు ముందు నడిచినవాళ్లను చల్లగా కాదు, వెచ్చగా చూడు. మా వంతు వచ్చి మేమూ ఆ తొవ్వ పట్టిననాడు, ముందున్నవాళ్లు ఒక్కసారి మర్లి చూసేలా చెయ్యి. నారాయణ, నారాయణ.