కుదురులేని కాళ్లు

మా అత్తయ్య మంగళవారం పొద్దున పోయింది. కొట్టు షట్టరు సగం ఎత్తి అక్కడే కూలబడిపోయిందట. నేను ఫోను చూసేసరికి నాన్న మెసేజ్ ఉంది: "అత్త లేదురా. వచ్చెయ్." నాకు నలుగురిలో మాట్లాడటం రాదు, చదువూ ఏడుతో ఆగింది. అందుకే మన బజారు గ్రూపులో ఇలా టైపు చేస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

నేను వెళ్లేసరికి వరండాలో పడుకోబెట్టారు. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టేశారు. పోయినవాళ్లకి అలా కట్టడం ఆచారమే. కానీ ఆ కాళ్లు కదలకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కదులుతాయేమో అని చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను.

మీకు ఆవిడ కిరాణా కొట్టావిడ. నాకు మేనత్త, నాన్నకి అక్క. ఆవిడ కూర్చోవడం మీలో ఎవరైనా చూశారా? పొద్దు వాలితే పిక్కల్లో చీమలు పాకినట్టు ఉంటుందనేది. అటూ ఇటూ తిరుగుతూనే పొట్లాలు కట్టేది. విజయవాడ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడేది. "నీకు టికెట్టు దండగ పెద్దమ్మా, ఎటూ నడుస్తూనే ఉన్నావుగా," అని కండక్టరు ఏడిపిస్తే, "అయితే సగం టికెట్టే కొట్టు నాయనా," అనేది.

నాకూ చిన్నప్పుడు కాళ్ల గొడవే. కాకపోతే నిద్రలో. నాకు తెలిసేది కాదు, అమ్మ చూసి చెప్పేది. బొటనవేలు మెల్లగా పైకి లేచేదట. పాదం వెనక్కి వంగేదట. కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ లేచేదట. ఎవరో పిలుస్తుంటే కాలు ఊ కొడుతున్నట్టు ఉందని అమ్మ భయపడేది. పగలు బళ్లో నా తల నిలిచేది కాదు. లెక్క మొదలు వినపడేది, చివర ఏమైపోయేదో తెలిసేది కాదు. "ఒళ్లిక్కడ, మనసెక్కడో," అని మా సార్లు నాన్నకి చెప్పారు. అమ్మ రెండూ కలిపేసింది. రాత్రి కాళ్లు పట్టుకున్నదే పగలు మనసుని లాక్కుపోతోంది అనుకుంది.

నాకు గాలి సోకిందని, గాలి తీసే ఆయన్ని పిలిపించారు. ఆయన మధ్యాహ్నం పూట నన్ను చాప మీద పడుకోబెట్టి, బొటనవేళ్లు కలిపి నల్లదారంతో కట్టాడు. "దీన్ని నడవనివ్వకూడదు. బడి మాన్పించి రోజూ ఇలాగే పడుకోబెట్టండి," అన్నాడు. నాన్న సరేనన్నాడు. అంతలో అత్తయ్య వచ్చింది. గుమ్మంలోనే నా కాళ్లు చూసి ఆగిపోయింది.

"ఏంట్రా తమ్ముడూ ఇది? బతికున్న పిల్లాడికి ఎవరన్నా వేళ్లు కడతారా?"

"నీకు తెలీదక్కా, లోపల ఏదో ఉంది."

"ఉంటే నా పోలికే ఉంటది. నన్నూ కట్టెయ్ మరి!"

దారం తనే పీకి తెంపేసింది.

మర్నాడు అత్తయ్యే నన్ను విజయవాడలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అమ్మ ఫోన్లో తీసిన వీడియో చూపించింది. "వీడు పడుకుంటున్నాడు గానీ నిద్రపోవట్లేదమ్మా. కాలు లేచినప్పుడల్లా నిద్ర తెగుతోంది. అలాంటప్పుడు పగలు మనసెలా నిలుస్తుంది?" అన్నాడాయన. రక్తపరీక్ష చేయించి, ఐరన్ తక్కువుందని మందులు రాశాడు. తర్వాత అత్తయ్యకి కుర్చీ చూపించి, మీరెందుకు కూర్చోరని అడిగాడు.

"నాకది చేతకాదు సార్."

"ఇలాంటివి ఒక్కోసారి రక్తసంబంధంలో వస్తుంటాయమ్మా," అన్నాడు డాక్టరు. అత్తయ్య నవ్వలేదు.

నా కాళ్లు చాలావరకు నెమ్మదించాయి. బడికి మాత్రం సిగ్గేసి మళ్లీ వెళ్లలేదు. అప్పట్నుంచి అత్తయ్య సాయంత్రాలు కొట్లో నిలబడి, పొట్లాల కాగితాల మీద వార్తలు నాతో చదివించింది. "కాళ్లు మన మాట వినకపోతే పోనీరా, కళ్లు వింటాయిగా," అనేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చదువు వల్లే.

నిన్న చిన్నదినం. భోజనాలయ్యాక అత్తయ్య మనవరాలు హాల్లో నిద్రపోయింది. ఐదేళ్ల పిల్ల. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. దాంతో మాటలూ ఆగాయి. పిల్ల బొటనవేలు మెల్లగా పైకి లేచింది. పడింది. అందరం చూస్తుండగా మళ్లీ లేచింది.

"పోయినావిడే వచ్చింది," అందొక ముసలావిడ లోగొంతుకతో. "ఆ గాలి తీసే ఆయనకి ఫోన్ చెయ్యండర్రా."

"ఆయనొద్దు," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "పాపని విజయవాడ తీసుకెళ్దాం వదినా. నేనొస్తాను," అన్నాను పిల్ల తల్లితో. వదిన కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

కూర్చుని, ఆ చిన్న పాదం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నా అరచేతిని మెల్లగా పైకెత్తింది, ఒక్క క్షణం అలాగే పట్టుకుంది, దించేసింది. పిల్ల ముఖంలో మాత్రం ఏ కదలికా లేదు.