పేరు లేని ఫోల్డర్

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. చిన్నప్పుడు మేముండే బిర్సానగర్ బస్తీలో కరెంటు పోతే పిల్లలంతా గుంపుగా చేరి అవే చెప్పుకునేవాళ్ళు. నేను లోపలికి పోయి పడుకునేదాన్ని. ఇప్పుడు కూడా నమ్మకం కుదిరిందని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అదే ఊళ్ళో, సాక్చి పేటలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ పని నాది. సైటు నుంచి వచ్చే పెన్ డ్రైవులన్నీ ముందు నా దగ్గరికే రావాలి. చాలా వైరస్‌లు చేసే మోసం ఒకటే. అసలు ఫైళ్ళను కనపడకుండా దాచేసి, వాటి చోట నకిలీవి పెడతాయి. నొక్కామంటే చిక్కినట్టే. అందుకని నేను ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి దాచిన ఫైళ్ళు, సిస్టమ్ ఫైళ్ళు అన్నీ కనిపించేలా పెడతాను. మసక రంగులో ఒక్కొక్కటీ బయటపడతాయి. అందులో ఏది మనది, ఏది కాదు అని తేల్చి, కానిదాన్ని చెరిపేస్తాను. ఆఫీసులో నన్ను డాక్టర్ దీదీ అని ఏడిపిస్తారు.

మా తమ్ముడు సంతోష్ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. డ్యూటీకి బైకు మీద వెళ్తుంటే ట్రైలర్ లారీ గుద్దింది. ఆస్పత్రి, పోస్టుమార్టం, కాగితాలు, అన్నిటికీ నేనే తిరిగాను. చుట్టాలు నన్ను రాయి అన్నారు. అననీ అనుకున్నాను. నిజంగానే లోపల ఏమీ కదల్లేదు.

అమ్మ బాధ వేరు. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. ఇంట్లోంచి బయటికి వెళ్ళే మనిషి 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి. అమ్మకు ఇది మహా పట్టింపు. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన సంతోష్‌కి తెలుగు అర్థమయ్యేది గానీ, నోట్లోంచి హిందీయే వచ్చేది. రోజూ బండి స్టార్ట్ చేస్తూ "జా రహా హూ మమ్మీ" అనేవాడు, అంటే వెళ్తున్నాను అని. అమ్మ రోజూ గుమ్మంలోకి వచ్చి, "ఎల్లొత్తాననరా" అని దెబ్బలాడేది. నేనూ అదేగా అన్నది అని హిందీలోనే నవ్వేసి పోయేవాడు. ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

వాడు పోయిన రోజు పొయ్యి మీద పప్పు పొంగుతోందని అమ్మ గుమ్మంలోకి రాలేదు. అదే పట్టుకుంది. తను ఆపి ఆ మాట అనిపించలేదు కాబట్టే వాడు తిరిగి రాలేదట.

నాన్న ఎప్పుడో పోయారు, మిగిలింది ఇద్దరమే. ఇల్లు మారితే కాస్త తేరుకుంటుందేమోనని బిర్సానగర్ వదిలి, ఊళ్ళోనే సిద్ధగోరాలో అద్దెకు దిగాం. అక్కడా అంతే. కంచం ముందు కూర్చుని, కాసేపు కెలికి లేచిపోయేది. మనిషి సగమైపోయింది. ఈవిడ కూడా నాకు దక్కదని అర్థమవుతూనే ఉంది. ఏం చెయ్యాలో తోచలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సంతోష్ బ్యాగు ఉతుకుదామని తీస్తే లోపలి జేబులో పెన్ డ్రైవు దొరికింది. ఫొటోలుంటే అమ్మకు చూపిద్దామని నా లాప్‌టాప్‌కి పెట్టాను. ఒక్క షార్ట్‌కట్ తప్ప ఏమీ కనిపించలేదు. వైరస్ అని తెలిసిపోయింది. దాని జోలికి పోకుండా, దాచినవి కనిపించేలా పెట్టాను. పేరు లేని ఫోల్డర్ ఒకటి బయటపడింది. ఇందులో వింతేమీ లేదు. ఈ రకం వైరస్ అసలు ఫైళ్ళన్నిటినీ పేరు లేని ఫోల్డర్‌లోకే తోసేస్తుంది. ఆఫీసులో బోలెడన్ని చూశాను.

లోపల పాటలు, స్నేహితుడి పెళ్ళి ఫొటోలు, ఏదో ట్రైనింగ్ వీడియో ఉన్నాయి. అన్నిటి కిందా ఒక ఆడియో ఫైలు. సైజు సున్నా. అంటే లోపల ఏమీ లేదన్నమాట. యాంటీవైరస్ కూడా దాన్ని తప్పు పట్టలేదు. ఖాళీదే కదా అని నొక్కాను.

"ఎల్లొత్తానమ్మా."

సంతోష్ గొంతు. తర్వాత ఇనప గేటు తీసిన చప్పుడు. అంతటితో అయిపోయింది.

భయం వెయ్యలేదు. మళ్ళీ పెట్టాను. వాడిదే, చివరి అక్షరాన్ని నమిలేసే అలవాటుతో సహా. నాకు అంతుబట్టనిది ఆ గేటు. బిర్సానగర్ ఇంటికి గేటే లేదు, గుమ్మం దిగితే గల్లీ. ఇది సిద్ధగోరా ఇంటి గేటు. నేలకు రాసుకుని కీచుమంటుంది, ఆ వెంటనే గొళ్ళెం కొట్టుకుంటుంది. రోజూ నేను తీసే గేటే. సంతోష్ ఈ ఇల్లు చూడనేలేదు.

ఫైలును ఫోనులోకి కాపీ చేశాను. అక్కడ పలకలేదు. స్పీకరు దగ్గర ఫోను పెట్టి రికార్డు చేసుకోవాలన్న బుద్ధి ఆ పూట పుట్టలేదు.

అమ్మకు వినిపించాలా వద్దా అనుకుంటూ తల తిప్పితే, వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. మళ్ళీ పెట్టమంది. పెట్టాను. అలా చాలాసార్లు పెట్టించుకుంది. విన్న ప్రతిసారీ, వాడు ఎదురుగా ఉన్నట్టే, "ఎల్లిరా నాయినా" అని మెల్లగా జవాబిచ్చేది.

చివరికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంక దాన్ని తీసీ అమ్మీ" అంది.

తీసేస్తే మళ్ళీ రాదని చెప్పాను. తెలిసినవాళ్ళకి చూపించి అదేమిటో కనుక్కుందామన్నాను.

"ఏటి కనుక్కుంతావు? ఇలా ఆడి సేత మల్లీ మల్లీ అనిపిత్తే గుమ్మంకాడే ఉండిపోతాడు. సెప్పి ఎల్తన్నాడు. ఎల్లనీ."

చెరిపెయ్యడమే నా ఉద్యోగం. అయినా ఆ ఫైలు మీద వేలు ఆడలేదు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. పూర్తిగా చెరిపెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కాను.

ఆ సాయంత్రం అమ్మ అన్నం వండి, నాకు వడ్డించి తనూ పెట్టుకుంది. కలుపుకుని, ముద్ద తర్వాత ముద్ద తింటూనే ఉంది. చూస్తున్న నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎంతకీ ఆగలేదు. అమ్మ నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

తర్వాత, చెరిపిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు పెట్టి ఆ డ్రైవంతా వెతికాను. ఎప్పుడో సంతోష్ చెరిపేసుకున్న ఫొటోలు కూడా వచ్చాయి. ఆ ఫైలు మాత్రం రాలేదు. సున్నా సైజు ఫైలు పలకదు. వైరస్‌కి మా ఇంటి గేటు తెలీదు. ఇవి నాకు బాగా తెలిసిన సంగతులు. ఇంతకు మించి తెలీదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా చేత్తో నేనే తుడిచేశాను కాబట్టి, ఎవరినీ నమ్మమని అడగను. అమ్మ ఇప్పుడు వేళకు తింటోంది.