సువార్తమ్మ పేరు మీద

అయిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానన్నానని గుండెలు బాదుకుంటాననుకోకండి. ఈ అయిదేళ్లూ అన్నం తిన్నాను, నిద్రపోయాను, జీతం పెంచమని అడిగాను కూడా. అయినా అది దిగలేదు. మీరు నాకు ఎవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. జాలి మాత్రం పడకండి.

మార్కాపురంలో పలకరాయి కోసి అమ్మే ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. నా చదువు పదో తరగతి. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు; నొక్కి చూసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాను. మాకు గిద్దలూరులో ఒక ఆఫీసు, కనిగిరిలో ఒక ఆఫీసు ఉన్నాయి. అక్కడివాళ్లు ఆర్డర్లు ఫోన్లో చెప్పేవాళ్లు, మేం ఇక్కడ ఎక్కించేవాళ్లం. ఒక అంకె తప్పు వింటే రాయి తప్పు సైజులో కోసేవాళ్లు. అందుకని సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌లో పెట్టి, ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని నేరుగా అందులోకి వచ్చేలా చేశాను. బయటివాళ్లను పిలవకుండా నేనే చేశాను. అది మంచి పని. ఇప్పటికీ అదే అంటాను.

తప్పు ఆ తర్వాత మొదలైంది.

గిద్దలూరు ఆఫీసులో బిల్లులు రాసే సువార్తమ్మది మంచి చెయ్యి అని మా యజమాని నమ్మకం. ఆమె బోణీ చేస్తే సరుకు ఆగదట. ఆయన నిష్ఠగా పూజలు చేసే మనిషి, ఆమె చర్చికి వెళ్లే మనిషి. ఆ నమ్మకానికి అదేమీ అడ్డు రాలేదు. ఆమె మార్కాపురంలో పనిచేసిన రోజుల్లో తొలి బిల్లు ఆమే రాయాలి, అంతవరకు ఎవరూ పెన్ను పట్టకూడదు. సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టిన రోజు, ఇకమీదట అందరి బిల్లులూ ఆమె పేరు మీదనే తెరవాలని ఆయన అన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డ్ నేను అప్పటికే తయారు చేసి ఉంచాను. వాటిని తీసేశాను. మూడు ఊళ్లలో అందరం సువార్తమ్మ పేరుతోనే లోపలికి వెళ్లేవాళ్లం.

అది చెయ్యకూడదని నాకు తెలియదా? తెలుసు. ఎవరు ఏం చేశారో తర్వాత చెప్పలేమని తెలుసు. మరి ఎందుకు ఎదురు చెప్పలేదు? ఒకే పాస్‌వర్డ్ అయితే మరిచిపోయామని నాకు ఫోన్లు రావు. అంతే. యజమానిది నమ్మకం, నాది సౌకర్యం. రెండూ కలిసి ఆమె మెడకు చుట్టుకున్నాయి.

ఒకరోజు త్రిపురాంతకంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. భోజనాలకు పిలిచేలోగా ఊరికే ఉండలేక ఫోన్లో ఆర్డర్లు తెరిచాను. కనిగిరి నుంచి ఒకే కొనుగోలుదారు పేరు మీద రెండు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. అదే సైజు, అదే సరుకు, ఒకదాని కింద ఒకటి. పొరపాటున రెండుసార్లు ఎక్కించారనుకున్నాను. ఒకటే అంకె రెండుసార్లు కనబడితే నాకు కళ్లలో నలుసు పడ్డట్టు ఉంటుంది. కనిగిరికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకుని ఒకటి తీసేశాను. విస్తరి ముందు కూర్చుని, పని చక్కబెట్టానని సంతోషపడ్డాను కూడా.

నిజానికి ఆ కొనుగోలుదారు రెండు కట్టడాలకు రెండు ఆర్డర్లు ఇచ్చాడు. లారీలు వచ్చే రోజుకు సగం రాయి కొయ్యనే లేదు. అతను మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. యజమాని సాఫ్ట్‌వేర్ తెరిపించి చూశారు. ఆర్డర్ తీసేసింది ఎవరంటే, సువార్తమ్మ. అందరం ఆ పేరుతోనే వెళ్తామని ఆయనకు తెలుసు. అయినా తేదీ కింద ఆ పేరు కనబడగానే ఆ సంగతి మరిచిపోయారు. లేక మరిచిపోవాలనుకున్నారు. మంచి చెయ్యి చెడిపోయిందన్నారు. మరునాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

ఆమె బస్సెక్కి మార్కాపురం వచ్చింది. యజమాని లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"అన్నా, ఆ దినం ఆదివారం. నేను చర్చిలో ఉండాను. ఆ డబ్బా ముట్టనే లేదు. ఎవరు తీసినారో నీకు తెలిసే తీరుతుంది, చెప్పు."

"నీ పేరే చూపిస్తా ఉందమ్మా."

"నా పేరు నాకంటే మీరే ఎక్కువ వాడినారు గదన్నా. యాడ నుంచి తీసినారో తెలవదా?"

"అంత వివరం తెలవదు."

ఆమె గేటు వదల్లేదు.

"ఉద్యోగం పోతే పోనీలే అన్నా. మా వీధిలో అంగడామె నిన్నటిదాకా నన్ను పిలిచి బోణీ చేయించుకునేది. ఈ పొద్దు, ఇంకెవరైనా కొన్నాక రామ్మా అనింది. అట్లుండాది నా బతుకు. నువ్వు ఒక్క మాట చెప్పు, చాలు."

చెప్పలేదు.

అంత వివరం తెలవదన్నది అబద్ధం. ఏ ఫోన్ నుంచి, ఏ వేళకు, ఎవరు లోపలికి వచ్చారో సర్వర్ విడిగా రాసిపెట్టుకుంటుంది. అది చదవడం ఆ ఆఫీసులో నాకొక్కడికే వచ్చు. అందులో నా ఫోన్ ఉంది. నేను దాన్ని చెరపలేదు. చెరపాల్సిన అవసరమే రాలేదు, చూపించమని ఎవరూ అడగలేదు. చదువు లేనివాడి చేతిలో సర్వర్ పెట్టారని అప్పటికే వెనక నవ్వేవాళ్లున్నారు. ఒక్క తప్పు బయటపడితే ఆ సర్వర్‌ను నా చేతిలోంచి లాక్కుంటారని భయపడ్డాను. నా చేతిలో అది ఉండటం కోసం ఆమె చేతికి చెడ్డపేరు రానిచ్చాను. దీన్ని ఎన్ని విధాలుగా తిప్పి రాసినా ఇంతకంటే తక్కువ కాదు.

పోయిన నెల యజమానికి చెప్పాను. ఇప్పుడెందుకయ్యా అదంతా అని టీ తెప్పించారు. నన్ను పంపెయ్యలేదు. ఆమెను పిలిపించనూ లేదు. ఆయన నన్ను క్షమించారట. ఆ క్షమ నేను తీసుకోలేదు. అది ఇవ్వడానికి ఆయనెవరు? ఆయన గదిలో చెప్పిన నిజం ఆ గదిలోనే ఆగిపోతుందని మాత్రం అర్థమైంది.

సువార్తమ్మ దగ్గరకు వెళ్లి ఏడవమంటారా? ఏడవను. నేను ఏడిస్తే ఆమె ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని కూడా ఆమె నెత్తిన వెయ్యను. ఆమెకు కావలసింది నా కన్నీళ్లు కాదు. ఒక్క మాట చెప్పమంది. చెబుతున్నాను.

ఆ ఆర్డర్ తీసేసింది నేను. సువార్తమ్మ కాదు. ఆమె చేతిలో ఏ దోషమూ లేదు.

నా పేరు ఇక్కడ లేకపోయినా, పలకరాయి వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈపాటికి నన్ను గుర్తుపట్టే ఉంటారు. పట్టనీ. అందుకే ఆమె పేరు మార్చకుండా రాశాను. గిద్దలూరులో ఆమె వీధివాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆ అంగడామెకు చదివి వినిపించండి.

ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది. దానికి నేను అర్హుణ్ణా అని అడగకండి. ఆడుతోంది, అంతే.