మోసెల్ ఒడ్డున శని, ఆదివారాలు

దయ్యాల సంగతి ఎత్తినవాళ్ళు నా ముందు ఎక్కువసేపు కూర్చోలేకపోయేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు. అరచేతిలో విభూతి ఎలా పుడుతుందో వేదిక మీద చేసి చూపించినవాణ్ణి. నిప్పుల మీద నడిచాను. చేతబడి చేసిందన్న నిందతో ఒక ముసలామెను ఊరి నుంచి తరమబోతే, ఆమె గుడిసెలోనే పడుకుని, ఆమె వండిన అన్నమే తిని, పొద్దున్నే ఊరందరి ముందు నిలబడ్డాను. చనిపోయినవాళ్ళు ఎక్కడికీ పోరనీ, ఎక్కడి నుంచీ రారనీ రాశాను. ఇప్పటికీ అదే రాస్తాను.

అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే నా మీద నేనే సాక్ష్యం చెప్పినట్టు. రాయకపోతే, అందరినీ నిలదీసి అడిగిన నిజాయితీ నాకే లేనట్టు. రెండోది ఎక్కువ సిగ్గుచేటు అనిపించి రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత మొదటి ఐదారేళ్ళలో జరిగింది ఇది. మేం పాల్వంచలో ఉండేవాళ్ళం. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. నా భార్య కుసుమ హైస్కూల్లో సోషల్ టీచర్. పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నాం. పిల్లలు లేరు. ఆ ఏడాది అక్టోబరులో జర్మనీలో జరిగే హేతువాదుల సభకు నన్ను పిలిచారు. కుసుమ కూడా వస్తానంది. సభ శుక్రవారంతో ముగుస్తుంది. విమానం సోమవారం. మధ్యలో శని, ఆదివారాలు మావి.

నా ఉపన్యాసానికి నేను పడ్డ శ్రమ కంటే ఆ రెండు రోజుల కోసం కుసుమ పడ్డ శ్రమ ఎక్కువ. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రైన్ నదిని గీసి పాఠం చెప్పిన మనిషి. స్కూలు పిల్లలతో నాగార్జునసాగర్ వెళ్ళిరావడమే ఆమె చేసిన పెద్ద ప్రయాణం. సభ నిర్వాహకుల్లో ఒకాయన మాకు మెయిళ్ళలో సలహాలిచ్చేవాడు. రైన్ ఒడ్డున జనం ఎక్కువ, దాని ఉపనది మోసెల్ వైపు పొండి, అది ద్రాక్ష కోసే కాలం, ఆ ఊళ్ళలో ప్రతి ఇంటి కిందా వైన్ గది ఉంటుంది అని రాశాడు. ఆ నెలలోనే సగం పులిసిన కొత్త వైన్ దొరుకుతుందట. మబ్బుగా, తియ్యగా ఉంటుందట. నిల్వ ఉండదు కాబట్టి అక్కడికి పోయినవాళ్ళే తాగాలట. బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్లో ఆ మెయిల్ చదివి కుసుమ పగలబడి నవ్వింది.

"అంటే మన కల్లేనాయె. కల్లు తాగనీకి విమానం ఎక్కి పోవాల్నా?" అంది.

అయినా దాన్ని రాసుకుంది. ఒక చార్టు తెచ్చి, నదిని నీలం పెన్సిలుతో గీసి, ప్రయాణమంతా దాని మీదికి ఎక్కించింది. శనివారం పొద్దున రైలు. కోబ్లెంజ్‌లో చిన్న రైలుకు మారాలి. నది కనిపించాలంటే ఏ వైపు కూర్చోవాలో కూడా కనుక్కుంది. చిన్న స్టేషన్లో దిగి, పడవ మీద అవతలి ఒడ్డుకు దాటి, ఒక ముసలి దంపతుల ఇంట్లో కిరాయి గది. మధ్యాహ్నం కొండ ఎక్కడం. సాయంత్రం కొత్త వైన్, ఉల్లిగడ్డ రొట్టె. ఆదివారం పొద్దెక్కే దాకా నిద్ర. ఆ నిద్ర కింద రెండు గీతలు కొట్టింది.

దాని కింద ఖాళీ. తిరుగు ప్రయాణం ఏదని అడిగాను.

"వచ్చేది గూడ ఇప్పుడే రాస్తే పోయినట్టే ఉండదు. గా సంగతి గాడ చూస్కుందాం" అంది. ముందుచూపు ఎంత అవసరమో నేను చెప్పబోయాను. "సభ అయిపోయింది, అన్నం తిను" అంది.

వానలు తగ్గుముఖం పట్టాక దుమ్ముగూడెం అవతల అడవిలోని ఒక ఊరికి చేతబడి మీద ప్రచారానికి వెళ్ళాం. కుసుమ కూడా వచ్చి ఆడవాళ్ళతో మాట్లాడింది. తిరిగొచ్చిన కొన్నాళ్ళకు జ్వరం మొదలైంది. మామూలు జ్వరమే అనుకుని మాత్రలు వేసుకుని స్కూలుకు వెళ్ళింది. క్లాసులో పిల్లలకు సంబంధం లేని మాటలు చెబుతోందని తోటి టీచర్లు కబురు చేశారు. రక్తం పరీక్షలో మలేరియా అని తేలింది. మెదడుకు ఎక్కే రకం. భద్రాచలం దవాఖానాలో చేర్చాను. ఖమ్మం తీసుకుపోతానంటే డాక్టరు వద్దన్నాడు. ఈ జబ్బు చూసినంతగా తాము ఇంకేదీ చూడలేదనీ, దారిలో కుదుపులకు ప్రాణం పోతుందనీ చెప్పాడు. అతని మాట సరైనదేనని ఇప్పటికీ నమ్ముతాను.

వార్డు నిండిపోయి ఉంది. మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు వేలాడుతున్నాయి. పక్క మంచంలో ముత్తమ్మ అనే కోయ యువతి. అదే జబ్బు. ఆమెకూ తెలివి లేదు. తోడుగా ఆమె అత్త ఉంది. సంతలో అడవి సరుకు అమ్మే మనిషి కాబట్టి ముసలామెకు తెలుగు బాగా వచ్చు. కోడలికి నాలుగు మాటలకు మించి రాదు. కోడలు భద్రాచలం దాటి ఎక్కడికీ పోలేదని ఆమే చెప్పింది.

మొదట్లో కుసుమ పలవరించేది. కోబ్లెంజ్‌లో మారాలె, ఎడమ దిక్కు కూసో, అనేది. తర్వాత అదీ ఆగిపోయింది. చేయి గిల్లినా కదలలేదు. కోమా అన్నారు.

ఆ మధ్యాహ్నం ముత్తమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకునే, ఆగి ఆగి, తన భాషలో. వింటున్న ముసలామె మా మంచం వైపు అదోరకంగా చూడసాగింది. ఏమంటోందని అడిగాను. ముందు చెప్పలేదు. మళ్ళీ అడిగితే ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"ఏటి ఒడ్డున కొండ ఉన్నదంట సారూ. కొండ నిలువునా తీగలేనంట. ఒక్కో తీగను ఒక్కో కర్రకు కట్టిన్రంట. కాళ్ళ కింద మట్టి లేదంట, అన్నీ పలకలేనంట."

పలకలంటే ఏమిటన్నాను.

"బళ్ళె పోరగాళ్ళు రాస్తరు సూడు, గవి. నల్లగ. పలగ్గొట్టి కొండంత పోసినట్టున్నయంట."

నాకు వెంటనే కారణం దొరికింది. కుసుమ పలవరింతలు పక్క మంచానికి వినబడ్డాయి. జ్వరం తలకెక్కిన మెదడు వాటికి బొమ్మలు కట్టుకుంది. తీగలంటే పొట్లపాదో కాకరపాదో. పలకల సంగతి మాత్రం అర్థం కాలేదు. నెట్ సెంటర్లో మేం తీసుకున్న ఆ ఊరి ఫోటోల ప్రింట్లలో నది మలుపు, ఇళ్ళ కప్పులు తప్ప ఏమీ కనబడవు. జ్వరానికి అర్థమేముంటుందని వదిలేశాను.

మర్నాడు పడవ గురించి చెప్పింది. తెడ్డు లేదట, మోటారు చప్పుడు లేదట. ఏటికి అడ్డంగా పైన ఇనప తాడు ఉందట. దానికి కట్టిన పడవను నీళ్ళే నెట్టి దాటిస్తున్నాయట. ఇదీ కొట్టిపారేశాను. మన వాగుల మీద కూడా తాడు పట్టుకుని దాటే తెప్పలున్నాయి. ఆమె చూసే ఉంటుంది.

ముసలామె అక్కడితో ఆగలేదు. మీ ఆమె, మా పిల్ల ఒకే ఒడ్డున కూర్చున్నారంది. "మా పిల్లకు ఆ జాగనే తెల్వదు. మీ ఆమెకు పోవుడు తెలుసంట గని వచ్చుడు తెల్వదంట. వచ్చే తొవ్వ చెప్పు సారూ" అంది.

చార్టు కింద ఖాళీ సంగతి ఆ వార్డులో నేను ఎవరికీ చెప్పలేదు. అయితే మందుల కోసం బయటికి వెళ్ళిన సమయాలున్నాయి. ఆ సందులో కుసుమ నోట ఏం వచ్చిందో నాకు తెలియదు. ఈ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నాకు కోపం వచ్చింది. రోగాన్ని తగ్గించేది మందు అనీ, ఇలాంటి మాటల వల్లే అడవిలో మనుషులు చస్తున్నారనీ గొంతు పెంచి చెప్పాను. వార్డంతా మా వైపు తిరిగింది. ముసలామె చివరి దాకా విని, కోడలి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, "మందు పని మందు చేస్తది. నీ నోరేం పని చేస్తున్నది? మా మీద అరిసేటందుకేనా అది?" అంది.

సాయంత్రం కాకముందే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. కిడ్నీలు పని చేయడం లేదన్నాడు. దగ్గరివాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి అన్నాడు. కుర్రవాడు. నా కళ్ళలోకి చూడలేకపోయాడు.

లోపలికి వచ్చి కుసుమ చెవి దగ్గర కూర్చున్నాను. తెలిసిన గొంతు వినబడితే మెదడుకు మంచిదని ఎక్కడో చదివానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. దారి చెప్పడానికే కూర్చున్నాను. పడవ ఎక్కు, ఇవతలి ఒడ్డుకు రా, స్టేషన్లో రైలు ఉంటుంది అని మొదలుపెట్టాను. ఏ రైలు? ఆదివారం మధ్యాహ్నం ఆ చిన్న స్టేషన్లో ఏ రైలు ఆగుతుందో నాకు తెలియదు. నోటికొచ్చింది చెబితే తప్పు రైలు ఎక్కుతుందేమోనని భయం పట్టుకుంది. నవ్వేవాళ్ళు నవ్వండి. జీవితంలో నాకు కలిగిన నిజమైన భయం అదొక్కటే.

వానలో పరిగెత్తి దవాఖానా దగ్గరున్న నెట్ సెంటర్‌కు పోయాను. పేజీ తెరుచుకోదు. తెరుచుకుంటే అంతా జర్మన్ భాష. అక్షరాలు అలికినట్టు కనబడుతున్నాయి. నా అవస్థ చూసి సెంటర్ ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ప్రయాణం ఎప్పుడు సార్ అని అడిగాడు. ఇవాళే అన్నాను. మారుమాట లేకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, వెతికిపెట్టాడు. వివరాలన్నీ చేతి మీద రాసుకుని వెనక్కి పరిగెత్తాను.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పడవ. స్టేషన్. చిన్న రైలు. కోబ్లెంజ్‌లో మారాలి. ఫ్రాంక్‌ఫర్ట్. విమానం. బేగంపేటలో దిగు, భయపడకు, బయట బస్సులుంటాయి. ఖమ్మం. జూలూరుపాడు. కొత్తగూడెం. పాల్వంచలో దిగకు, ఇంటికి తాళం వేసి ఉంది, నేను అక్కడ లేను. సారపాక. గోదావరి బ్రిడ్జి. దవాఖానా గేటు, ఎడమ చేతి వరండా, మూలన కిటికీ పక్క మంచం. ఇక్కడున్నాను. అయిపోగానే మళ్ళీ పడవ దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పానో తెలియదు. గొంతు పోయింది. గుసగుసగా చెప్పాను. చేతి మీద రాత చెమటకు చెరిగిపోయింది. అప్పటికి నాకు కంఠతా వచ్చేసింది.

దీపాలు వెలిగించే వేళకు ముత్తమ్మ కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది.

ముసలామె కుప్పకూలి ఏడ్చింది. నేను కుసుమ భుజాలు పట్టుకుని ఊపుతూ, బ్రిడ్జి దాటావా, గేటు దాకా వచ్చావా అని అడిగాను. నర్సులు నన్ను పట్టుకుని పక్కకు లాగారు. మర్నాడు కుసుమ చనిపోయింది.

శవాన్ని తీసుకువెళ్ళే ముందు ముసలామె నా దగ్గరికి వచ్చింది. కోడలు చెప్పిన మాట తన దగ్గర ఉంచుకోవడం తప్పని చెప్పింది. ఇద్దరూ పడవ దాకా కలిసే వచ్చారట. కుసుమ ఆమెను చేయి పట్టి ఎక్కించిందట. "నువ్వు పో, నేనింకొంచెం సేపు సూసి వస్త" అన్నదట.

ఒకే మందు ఒకరిని బతికించి మరొకరిని ఎందుకు బతికించలేదో వైద్యం చెబుతుంది. వయసు, ఆలస్యంగా మొదలైన వైద్యం, కిడ్నీలు. దానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ముత్తమ్మ ఊళ్ళ పేర్లు చెప్పినా నేను ఆశ్చర్యపోను. ఆ సాయంత్రమంతా ఆమె పక్కనే వాటిని వల్లించాను.

కొన్నాళ్ళకు, మెయిళ్ళలో సలహాలిచ్చిన ఆ జర్మన్ మిత్రుడు సంతాపం తెలుపుతూ రాశాడు. జవాబులో సిగ్గుపడుతూనే కొండ గురించీ పడవ గురించీ రెండు ప్రశ్నలు అడిగాను. ఆ ఊరి కొండ మీదంతా నల్లని పలకరాయి ముక్కలేనని రాశాడు. పగటి ఎండను అవి పట్టి ఉంచి రాత్రిళ్ళు ద్రాక్ష తీగలకు వేడినిస్తాయట. పడవకు మోటారు లేదు. నదికి అడ్డంగా కట్టిన ఇనప తాడు ఆధారంగా ప్రవాహమే దాన్ని దాటిస్తుంది. ఇవన్నీ మీకెలా తెలుసని అడిగాడు. నేను తిరిగి రాయలేదు. కుసుమ ఎక్కడైనా చదివి ఉండవచ్చు. పలవరింతలో అని ఉండవచ్చు. తెలుగు రాని అమ్మాయి దాన్ని విని, అర్థం చేసుకుని, తన భాషలోకి మార్చుకుని ఉండవచ్చు. ఒక్కో 'ఉండవచ్చు'నూ నేను ఒప్పుకోగలను. అన్నింటినీ కలిపి ఒప్పుకోమంటే, ఎదుటి పక్షంలో ఎవరైనా అలా వాదించినప్పుడు నేను నవ్విన నవ్వు గుర్తొస్తుంది.

ఎండలు ముదిరాక ముత్తమ్మను చూడ్డానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. పొద్దున్నే అత్తాకోడళ్ళు ఇద్దరూ చెట్ల కింద ఇప్పపూలు ఏరుతున్నారు. మనిషి కోలుకుంది. నన్ను గుర్తుపట్టి నవ్వి, వచ్చీరాని తెలుగులో, "మీ ఆమె వచ్చిందా సారూ?" అంది.

వెనక నుంచి ముసలామె చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఓదార్పు కోసం చెప్పే అబద్ధమే మూఢనమ్మకాలకు మొదటి మెట్టని ఊరూరా చెప్పినవాణ్ణి నేను. ముత్తమ్మ ముందు నిలబడితే అబద్ధమేదో నిజమేదో నాకే తెలియలేదు.

"ఇంకా రాలేదమ్మా" అన్నాను.

ముత్తమ్మ మళ్ళీ వంగి పూలు ఏరుకుంటూ, "గా ఊరు గట్లనే ఉంటది. జల్దీ రాబుద్ధి కాదు" అంది.

ఎవరితోనైనా ఏ మాట మీదైనా వాదించి బతికినవాణ్ణి. ఆమె పక్కనే వంగి నేనూ పూలు ఏరడం మొదలుపెట్టాను.