కాలికింద గట్టిపడిన బ్రేకు

పంజాగుట్టలో బస్సు దిగేసరికి పొద్దున ఏడున్నర. వాన లేదు, ఉక్క పోస్తోంది. పైన మెట్రో, కింద స్తంభాల వరస, పక్కన ఒక సందు. సందు మొదట్లో మూడు అంబులెన్సులు నిలబడే జాగా. అదే నా పోస్టు. నా సామాను ఒక బ్యాగు, ఒక రేకు టూల్ పెట్టె, గొడుగు.

ఇంటి దగ్గర అందరూ నన్ను మంచు కొండల సంగతి చెప్పమంటారు. ఫౌజ్‌లో నేను బండ్ల మెకానిక్‌ని. గడ్డకట్టిన ఇంజన్లను స్టార్ట్ చేయడం నా పని. అక్కడ భయం లేదని అనను. కానీ భయం గురించి రాయమంటే నాకు పంజాగుట్టే గుర్తొస్తుంది. పింఛను మీద ఇంటికొచ్చాక, మాజీ సైనికులకు పని చూపించే ఏజెన్సీ ఒకటి నన్ను ఆ వానాకాలానికి అక్కడికి పంపింది. ఎలా రాయాలో సరిగ్గా తెలియదు. జరిగింది జరిగినట్టు పెడతాను.

ఆర్డర్లు ఇచ్చింది ఓనర్ గారు. కోస్తా మనిషి, మాట మెత్తన. "పిలుపు రాగానే బండి కదలాలండి. ఏంటి, ఎందుకు అన్నది తర్వాత. ముందు కదలాలి" అన్నారు.

మూడింటిలో పాత వ్యాను పసిపిల్లల కోసం. అమీర్‌పేట సందుల్లో చిన్న చిన్న ప్రసూతి ఆసుపత్రులున్నాయి. అక్కడ పుట్టిన బిడ్డకు ఊపిరి సరిగ్గా అందకపోతే, పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తేవాలి. ఆ సందుల్లోకి ఈ వ్యానొక్కటే దూరుతుంది. మిగతా రెండూ పెద్దవి.

ఆ వ్యాను నడిపేది డ్రైవర్ భాయ్. తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ సోంపు. నన్ను మొదటి రోజే పక్కకు పిలిచాడు.

"ఫౌజీ, ఒక మాట చెప్త. గీ బండి బ్రేకు మీద నాకు భరోసా లేదు."

"ఏమైతుంది భాయ్?"

"ఒకపారి మంచిగనే పడుతది. ఒకపారి బండరాయి మీద కాలు పెట్టినట్టుంటది. సిగ్నల్ కాడ ఆపితే ఇంజన్ ఊగుతది. చలిజ్వరం వచ్చినోని లెక్క."

"ఎవరికన్నా చూపెట్టినవా?"

"నలుగురికి చూపెట్టిన. నలుగురు రేసింగ్ పెంచి పంపిండ్రు."

రేసింగ్ పెంచడం అంటే, బండి నిలబడినప్పుడు కూడా ఇంజన్ జోరుగా తిరిగేలా స్క్రూ తిప్పడం. అప్పుడు ఇంజన్ ఆగిపోదు. రోగం మాత్రం లోపలే ఉంటుంది. ఆ రోగం ఏమిటో నాకు అనుమానం వచ్చింది. ఇంజన్ గాలి పీలుస్తుంది. ఆ పీల్చే బలాన్నే ఒక రబ్బరు పైపు బ్రేకు దగ్గరున్న డబ్బాకు తీసుకుపోతుంది. ఆ డబ్బాను బూస్టర్ అంటారు. మన కాలికి అది బలం కలుపుతుంది. మధ్యలో ఎక్కడైనా చిల్లు పడితే బయటి గాలి దూరుతుంది. ఇంజన్ తడబడుతుంది, బ్రేకు గట్టిపడుతుంది.

మర్నాడు ఖాళీ బండి తీసుకుని అమీర్‌పేట దాకా పోయాం. స్టీరింగ్ నేనే పట్టాను. కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం ముందు పుస్తకాల సంచులు వేసుకున్న పిల్లలు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. బ్రేకు తొక్కాను. కాలు దిగలేదు. సీటులోంచి లేచి రెండు కాళ్లతో తొక్కాను. హ్యాండ్ బ్రేకు డ్రైవర్ భాయ్ లాగాడు. బండి ఆగింది. ముందు నిలబడ్డ ఒక పిల్లవాడు బానెట్ మీద చెయ్యి పెట్టి నావైపు చూశాడు. వాడు భయపడలేదు, చిరాకు పడ్డాడు.

"నిద్రపోతున్నవా అంకుల్?" అని వెళ్లిపోయాడు.

బండిని మొదటి గేరులోనే మెల్లగా వెనక్కి తెచ్చాను. బ్రేకు అలాగే ఉండి, వెనక ఒక పసిబిడ్డ ఉంటే ఏమవుతుంది? ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఓనర్ గారికి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "రేపు శుక్రవారం పొద్దున ఆ బండి మీ చేతికిస్తానండి. అది బాగయ్యేలోపు పిలుపొస్తే వేరే వాళ్ల బండి బతిమాలుకుంటాను. కానీ తొందరగా చూడండి."

శుక్రవారం ఏడు గంటలకు బానెట్ ఎత్తాను. చిల్లు ఉంటే బుస్సుమని శబ్దం రావాలి. సన్నటి రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర పైపుల మీద తిప్పాను. పైన మెట్రో పోతుంటే ఏమీ వినపడదు. మెట్రో పోయాక బస్సులు.

డ్రైవర్ భాయ్ చూసి నవ్వాడు. "డాక్టర్ సాబ్, బీపీ ఎంతున్నది?"

"జర చుప్ ఉండు భాయ్."

తర్వాత ఇంజన్ మురికి కడిగే స్ప్రే కొట్టాను. చిల్లు మీద పడితే ఇంజన్ చప్పుడు మారాలి. అన్ని పైపుల మీదా కొట్టాను. మారలేదు. ఒక్క చోట మాత్రం కొట్టలేదు. అక్కడ బూస్టర్ పైపుకు ఇనప తీగతో నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. ప్రతి అమావాస్యకూ ఓనర్ గారి భార్య మారుస్తుంది. అంబులెన్సు ముఖానికి కడితే లోపలున్న వాళ్లు బెదురుతారని బానెట్ లోపల కడుతుంది. పాత తీగ విప్పదు, దాని మీదే కొత్త తీగ చుడుతుంది. ఆ నలుగురు మెకానిక్‌లూ చూసే ఉంటారు. ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా చేతిని దాని చుట్టూ తిప్పి పోనిచ్చాను. ఎవరి రక్షణ కోసమో కట్టింది, నా చెయ్యి ఎందుకు తగలాలి అనుకున్నాను.

ఎనిమిదింటికి లోబాన్ తాత వచ్చాడు. శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి పొగ పట్టుకుని దుకాణం దుకాణం తిరుగుతాడు. నెమలి ఈకల కట్టతో పొగను లోపలికి విసురుతాడు. ఆ పొగ చూడగానే ఫౌజ్‌లో మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. చెవికి దొరకని చిల్లు కంటికి దొరుకుతుంది అనేవాడు. గాలి ఎక్కడ దూరుతుందో, లోపలికి ఊదిన పొగ అక్కడినుంచే బయటికొస్తుంది.

"తాతా, రెండు నిప్పులు, కొంచెం లోబాన్ ఇస్తవా?"

"ఇంజన్‌కు దువా చెయ్యాల్నా బేటా?"

"దువా కాదు. పరీక్ష."

ఇంజన్ ఆపేశాను. ఖాళీ గ్రీజు డబ్బాకు రెండు బెజ్జాలు చేశాను. నిప్పులున్న డబ్బాను బండికి దూరంగా స్తంభం మొదట్లో పెట్టించాను. పెట్రోలు బండి కదా, నా ప్రాణం దాని మీదే ఉంది. ఒక బెజ్జం నుంచి పొడుగాటి పైపుతో పొగను ఇంజన్ గాలి పీల్చే నోట్లోకి పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కాను. రెండో బెజ్జానికి తగిలించిన కాలి పంపును డ్రైవర్ భాయ్ తొక్కాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత నిమ్మకాయ చుట్టూ తెల్లగా పొగ లేచింది.

డ్రైవర్ భాయ్ తొక్కడం ఆపాడు. "నిమ్మకాయ కాడ వస్తున్నది ఫౌజీ."

"చూస్తున్న."

"నేనైతే ముట్ట. రేపు ఏమన్న అయితే నా మీదికే వస్తది."

ఓనర్ గారికి ఫోన్ చేశాను. ఆయన భార్యకు ఇచ్చారు.

"అమావాస్య నాడు కట్టింది మధ్యలో తియ్యకూడదండి" అంది ఆవిడ.

"అమ్మా, తీగ కింద పైపు తెగింది. బ్రేకు దానివల్లే పడుతలేదు."

"సరే తియ్యండి. నేల మీద మాత్రం పెట్టకండి. ఎవరూ తొక్కకూడదు."

తీగ కత్తిరించి నిమ్మకాయ పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. లోబాన్ తాత జోలె తెరిచాడు.

"ఇటు ఇయ్యి. నేను మంచి జాగల పెడ్త. నువ్వు పని చూస్కో."

తీగ పైపును కోసేసింది. పైన తుప్పు, కింద వేలెడు చీలిక. ఇంజన్ ఊగినప్పుడల్లా చీలిక నోరు తెరుస్తుంది. అప్పుడే ఫోన్ మోగింది. ఓనర్ గారు.

"అమీర్‌పేటలో బిడ్డండి. నీలంగా ఉందంట. వేరే బండి దొరకలేదు. ఎంతసేపు?"

"పది నిమిషాలు సార్."

"అంత టైము లేదేమోనండి."

"బ్రేకు లేకుండా బండి ఇయ్యను సార్."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. పైఅధికారికి అలా ఎప్పుడూ చెప్పలేదు. బండితో పాటు వచ్చే నర్సును మేం సిస్టర్ అంటాం, ఆమె అప్పటికే వెనక ఎక్కి కూర్చుంది. సన్నటి మనిషి, పెద్ద మాట మాట్లాడదు. "కానియ్యి అన్న. ఆడి ఆసుపత్రోళ్లు బిడ్డకు గాలి పెడుతున్నరు. కానీ జల్ది" అంది.

చీలిక ఒక చివరకు దగ్గర్లోనే ఉంది. అంతవరకు కోసేశాను. మిగిలిన పైపు సాగదీస్తే సరిపోయింది. క్లిప్పు బిగించాను. పెంచిన రేసింగ్ తగ్గించాను. ఇంజన్ ఆపి ఉండగానే బ్రేకు నాలుగైదుసార్లు తొక్కాను, గట్టిపడే దాకా. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేశాను. బూస్టర్ బాగుంటే కాలు కిందికి దిగాలి.

దిగింది. మెత్తగా, తడి మట్టిలోకి దిగినట్టు.

"పోదాం పా భాయ్" అన్నాను. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఏమైనా అయితే నేను కూడా బండిలోనే ఉండాలి అనిపించింది.

అమీర్‌పేట సందులో ఆసుపత్రి మెట్ల దగ్గరికే బిడ్డను తెచ్చారు. గుడ్డలో చుట్టిన చిన్న మూట. బిడ్డ తండ్రి వెనకాలే ఎక్కి కింద కూర్చున్నాడు. సిస్టర్ బిడ్డ ముఖానికి చిన్న మాస్కు పెట్టి, అరచేతిలో పట్టే రబ్బరు సంచిని నొక్కడం మొదలుపెట్టింది.

మైత్రీవనం దాటాం. సైరన్ మోగుతోంది, ట్రాఫిక్ విడిపోతోంది. మెట్రో స్తంభం చాటు నుంచి ఒక బైకు అడ్డంగా వచ్చింది. వెనక ముసలమ్మ కూర్చుని ఉంది. డ్రైవర్ భాయ్ బ్రేకు తొక్కాడు. నా కాలు కూడా ఖాళీ నేలను తొక్కింది. బండి ముందుకు వంగి ఆగింది. బైకు పోయింది.

"బ్రేకు పడ్డది" అన్నాడు డ్రైవర్ భాయ్.

పెద్దాసుపత్రిలో బిడ్డను లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి సిస్టర్ బయటికి వచ్చింది. "ఏడ్చింది" అని, మెట్ల మీద కూర్చుని చేతులు విదుల్చుకుంది. తర్వాత ఆ బిడ్డ సంగతి మాకు తెలియలేదు. అడిగితే చెప్పేవాళ్లేమో. నాకు ధైర్యం చాలలేదు.

సాయంత్రం కొత్త పైపు తెచ్చి వేశాను. వానలు తగ్గాక డ్యూటీ అయిపోయింది, ఇంటికొచ్చాను. ఇప్పుడు పాల వ్యాను నడుపుతున్నాను. బ్రేకు తొక్కి కాలు దిగినప్పుడల్లా నా కళ్లు వెనక అద్దంలోకి పోతాయి. పాల క్యాన్లు కనబడవు. బైకు అడ్డమొచ్చిన ఆ క్షణంలో అద్దంలో చూసింది కనబడుతుంది. సిస్టర్ ఒక మోకాలు తలుపుకు తన్నిపెట్టి ఉంది. బండి ఆగింది. మేమందరం ముందుకు ఊగాం. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. నొక్కుతోంది, వదులుతోంది. నొక్కుతోంది, వదులుతోంది.