హారతి కంటి చదువు

సూరత్‌లోని సలాబత్‌పురాలో చీరల కొట్ల మధ్య నుంచి పెద్ద రోడ్డుకు తిరిగే మలుపులో ఒక కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అందులో పనిచేసే హారతికి ఇరవయ్యేళ్ళు. పన్నెండో తరగతి సైన్సులో అరవై ఆరు శాతం తెచ్చుకుంది. ఆ తర్వాత ఏం చదవాలో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకపోవడంతో, తెలిసినవాళ్ళు చూపించిన ఈ పనిలో చేరి రెండేళ్ళయింది. తండ్రి కనకయ్య సిరిసిల్ల నుంచి వచ్చి పాండేసరాలో మరమగ్గాలు, వాళ్ళ మాటలో సాంచెలు, నడుపుతాడు. తల్లి పద్మారాణి బమ్రోలిలోని ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసు కుడుతుంది.

దుకాణంలో హారతికి మంచి పేరుంది. ఫ్రేము ఎవరి ముక్కు మీద జారుతుందో, ఎవరి చెవి వెనక ఒరుస్తుందో చూడగానే చెప్పేసేది. గుజరాతీవాళ్ళతో గుజరాతీలో, ఒరియా కూలీలతో హిందీలో మాట్లాడేది. మన మగ్గాలవాళ్ళయితే "తెలుగు పిల్ల ఉన్నదా?" అని గుమ్మంలోనే అడిగి మరీ లోపలికి వచ్చేవారు. గడ్డం ఆనించి లోపలి బొమ్మ చూస్తే పవరెంతో కాగితం మీద అచ్చై వచ్చే యంత్రం ఒకటుంది. దాన్ని నడపడం ఆరు నెలల్లోనే నేర్చుకుంది. కళ్ళు పరీక్ష చేయడానికి చదువుకున్న మనిషి, హేమాంగినీ బెన్, బుధవారం, శనివారం మాత్రమే వచ్చేది. మిగతా రోజుల్లో వచ్చినవాళ్ళను యజమాని హారతి దగ్గరికే పంపేవాడు. హారతికి అది గర్వంగానే ఉండేది.

నిరుడు వానాకాలంలో ఒక సోమవారం ఎదురింటి నర్సవ్వ మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. కొడుకూ కోడలూ ఇద్దరూ మిల్లుకు పోతారు కాబట్టి ఆరేళ్ళ సాయిప్రియ ఆలనా పాలనా అంతా ఆమెదే.

"టీవీ చూసేటప్పుడు తల ఒక్క దిక్కే వంచుతది బిడ్డా. జర చూడు," అంది నర్సవ్వ.

హారతి పిల్లను యంత్రం ముందు కూర్చోబెట్టింది. సాయిప్రియ ఒక్క క్షణం కుదురుగా ఉంటేనా! కాగితం మీద కుడి కంటికి దాదాపు ఏమీ లేదని వచ్చింది. ఎడమ కంటికి మాత్రం ప్లస్ నాలుగున్నర. పిల్ల కదిలింది కదా, యంత్రం తప్పు చూపించిందనుకుంది హారతి. గోడకున్న అక్షరాలు చదవమంది. రెండు కళ్ళూ తెరిచి, పై నుంచి చివరి వరస దాకా గడగడా చదివేసింది పిల్ల.

"ఏం లేదవ్వా, కండ్లు మంచిగనే ఉన్నయ్. ఫోను జర తక్కువ చూడనియ్యి," అని చెప్పి పంపేసింది. ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసింది.

జనవరిలో బడిలో కంటి శిబిరం పెట్టారు. సాయిప్రియ కుడి కన్ను మూస్తే, ఎడమ కంటితో అన్నిటికన్నా పైనున్న పెద్ద అక్షరం తప్ప ఏమీ చదవలేకపోయిందని రాసి పంపారు. ఆ కాగితం పట్టుకుని నర్సవ్వ సందంతా వినబడేట్టు అరిచింది.

"వానకాలంల మన హారతే చూసింది. అప్పుడు మంచిగున్న కండ్లు ఆర్నెల్లల్ల ఎట్ల పాడైతయ్? అంతా ఆ ఫోను! ఏడ్వంగనే చేతిల పెట్టేది ఎవరు? తల్లే!"

కోడలు విజయశ్రీ తల వంచుకుని నిలబడింది. ఏ తల్లయినా ఎప్పుడో ఒకసారి ఫోను ఇచ్చే ఉంటుంది, ఇవ్వలేదని ఎలా అంటుంది? ఆ రోజు నుంచి సాయిప్రియ ఫోను వైపు చెయ్యి చాస్తే వీపు మీద దెబ్బ పడేది. హారతి తమ గుమ్మం లోపల నిలబడి అంతా విన్నది. కాళ్ళు బయటికి పడలేదు.

బుధవారం దుకాణంలో హేమాంగినీ బెన్‌కు జరిగింది చెప్పింది. ఆవిడ యాభై దాటిన మనిషి. గొంతు పెంచడం ఎవరూ వినలేదు.

"ఒక్కో కన్ను మూసి చదివించావా?" అని అడిగింది.

"లేదు."

"యంత్రం సరిగ్గానే చూపించింది, బేటా. ఆ పిల్లకు ఒక కంట్లో పవరు చిన్నప్పటి నుంచే ఉండి ఉంటుంది. మెదడు బాగా కనబడే కంటిని వాడుకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. రెండూ తెరిచి చదివితే ఎప్పటికీ బయటపడదు. ఫోనుకీ దీనికీ సంబంధం లేదు."

"ఆలస్యమైపోయిందా?"

"ఆరేళ్ళేగా, ఇంకా వీలుంది. అద్దాలు పెట్టాలి. మంచి కంటిని రోజూ కొన్ని గంటలు మూసి రెండోదానితో పని చేయించాలి. వానాకాలంలోనే మొదలుపెట్టి ఉంటే ఇంకా తేలికయ్యేది." మళ్ళీ తనే అంది: "నిన్ను అనడానికి లేదు. నీకెవరు నేర్పారు గనక?"

ఆ చివరి మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది హారతికి. రెండేళ్ళలో ఇలాంటివి ఇంకెన్ని తన చేతుల మీదుగా పోయి ఉంటాయో తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

"ఇది ఎక్కడ నేర్పుతరు?" అని అడిగింది.

ఆప్టోమెట్రీ అని నాలుగేళ్ళ చదువు ఉందని, చివరి ఏడాదంతా ఆసుపత్రిలో పనేనని హేమాంగినీ బెన్ చెప్పింది. పన్నెండో తరగతి సైన్సు మార్కుల మీద వరస కడతారట. దరఖాస్తులు ఎండాకాలంలో మొదలవుతాయట. "కలలు తర్వాత కను. ముందు కాగితాలు చూసుకో. సగం మంది అక్కడే ఆగిపోతారు," అంది.

హారతి ఒక నోటుపుస్తకం కొన్నది. మొదటి పేజీలో కావలసిన కాగితాలు, రెండో పేజీలో కాలేజీలు, మూడో పేజీలో నిరుడు ఏ కాలేజీలో చివరి సీటు ఎంత శాతానికి పోయిందో రాసుకుంది. తెలంగాణలో కూడా వేద్దామని ఆశపడింది. కానీ ఒకటో తరగతి నుంచి సూరత్‌లోనే చదివింది కాబట్టి అక్కడ స్థానికురాలు కాదని తేలింది. సిరిసిల్లలో మేనత్తలూ పెదనాన్నలూ అంతమంది ఉన్నారు, దరఖాస్తులో మాత్రం తను ఆ రాష్ట్రానికి బయటి మనిషి. ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టేసింది.

ఆదివారం తండ్రి ఇంట్లో ఉన్నప్పుడు సంగతి కదిలించింది. కనకయ్య అడ్డు చెప్పలేదు. అర్థం కాక అడిగాడు.

"ఇప్పుడు నువ్వు చేస్తున్నది గా పనే కదనే? కండ్లు చూస్తున్నవ్, అద్దాలు ఇస్తున్నవ్. అదే పనికి మల్ల నాలుగేండ్ల సదువేంది?"

దీనికి నిజమైన జవాబు ఒకటే. అది ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు. హారతి గోడ వైపు చూస్తూ, పిల్ల యంత్రం ముందు కదలడం దగ్గర నుంచి కాగితం చెత్తబుట్టలో వేయడం దాకా మొత్తం చెప్పింది. పద్మారాణి చేతిలో సూది ఆగిపోయింది.

"నర్సవ్వకు ఎరికేనా?" అన్నాడు కనకయ్య.

"లేదు బాపూ."

"నెల నుంచి ఆ ముసల్ది కోడల్ని తిడుతుంటే వినుకుంట కూసున్నవా?"

హారతి ఏడ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు. "పోయి చెప్పు. సదువు సంగతి తర్వాత మాట్లాడుదం," అని చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సందు దాటితే నర్సవ్వ ఇల్లు. నాలుగడుగులు. నర్సవ్వ చాటలో బియ్యం ఏరుతోంది, విజయశ్రీ బట్టలు ఉతుకుతోంది. హారతి కూర్చోకుండానే చెప్పింది.

"అవ్వా, పిల్ల కన్ను ఫోనుకు పాడు కాలేదు. నేను చూసిన రోజే అట్లున్నది. మిషన్ల వచ్చింది కూడ. నేనే తప్పు చూసిన."

నర్సవ్వకు వెంటనే ఎక్కలేదు. ఎక్కిన తర్వాత చాట పక్కన పెట్టింది.

"నువ్వు చెప్పినవని, నా కోడల్ని ఎన్ని మాటలన్న? పసిదాన్ని ఎన్నిసార్లు కొట్టిన?" అంది. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. "నీ నోట్ల నుంచి ఈ మాట రావడానికి నెల పట్టిందా?"

"పట్టింది అవ్వా."

విజయశ్రీ సబ్బు చేతులతోనే లేచి వచ్చింది. అత్త ముందు నిలబడి, "ఇప్పటికన్న ఇన్నరా?" అని మాత్రం అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల నుంచి ఏడుపు వినబడింది. నర్సవ్వ ఆ తలుపు దగ్గరికి పోయి నిలబడింది. హారతి వచ్చినదారినే ఇంటికి వచ్చేసింది.

తర్వాతి బుధవారం విజయశ్రీ మిల్లుకు సెలవు పెట్టి పిల్లను హేమాంగినీ బెన్ దగ్గరికి తీసుకొచ్చింది. ఆవిడ పరీక్ష చేసి, లోపల కూడా చూడాలని కంటి డాక్టరుకు రాసిచ్చింది. అద్దాలు వచ్చాయి. కుడి కంటికి రోజూ బడి నుంచి వచ్చాక పట్టీ వేశారు. నర్సవ్వ మాత్రం మూడు వారాలు హారతితో మాట్లాడలేదు. సందులో ఎదురైతే మొహం తిప్పుకునేది. హారతి దాన్ని భరించింది. దుకాణంలో యజమానితో, పన్నెండేళ్ళ లోపు పిల్లలను తాను ఇక చూడనని, హేమాంగినీ బెన్ వచ్చే రోజునే రమ్మంటానని చెప్పేసింది. ఆయన విసుక్కున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

కనకయ్య ఒక రోజు అన్నం తింటూ తనంతట తానే ఆ మాట ఎత్తాడు. "సాంచె నడుపుడు నాకు ఇరవై ఏండ్ల నుంచి వస్తది. అది ఎందుకు ఆగిందో చెప్పాల్నంటే రిపేరు జేసే మాస్టరే రావాలె. నువ్వు మాస్టర్ అయితనంటున్నవ్, గంతే కద? కానియ్యి."

కాగితాల దగ్గర నిజంగానే చిక్కు వచ్చింది. ఏడో తరగతి దాకా చదివిన కార్పొరేషన్ తెలుగు బడిలో ఆమె హారతి. ఎనిమిదిలో గుజరాతీ బడికి మారినప్పుడు అక్కడి గుమస్తా, "హారతి అంటే ఆరతీయే కదా," అని అలాగే రాసేశాడు. పన్నెండో తరగతి మార్కుల పత్రం దాకా అదే పేరు నడిచింది. ఆధార్‌లోనూ పుట్టిన సర్టిఫికెట్లోనూ హారతి. బడికి పోతే, ఇంతకాలం తర్వాత మార్చలేమని, కావాలంటే ఇద్దరూ ఒకరేనని ఉత్తరం ఇస్తామని అన్నారు. ఆ ఉత్తరం కోసం మూడుసార్లు తిరిగింది. తర్వాత కోర్టు దగ్గర నోటరీతో ప్రమాణపత్రం రాయించుకుంది.

"ఇందులో నువ్వెవరు?" అని నోటరీ నవ్వుతూ అడిగాడు.

"రెండూ నేనే," అంది హారతి. అంది గానీ, ఇంటికి వచ్చేదారిలో షేర్ ఆటోలో ఆ మాట గురించే ఆలోచించింది. దరఖాస్తు నిండా ఆరతీ అని రాయాలి. చదువు పూర్తయి పట్టా వచ్చినా దాని మీద ఆరతీయే ఉంటుంది. మొదట అది దొంగతనంలా అనిపించింది. బమ్రోలి వచ్చేసరికి, పేరు పోతే పోయింది, చదువు తనదే అవుతుంది కదా అని సర్దుకుంది.

కాలేజీల వరస పెట్టే రోజున హేమాంగినీ బెన్ పక్కనే కూర్చుంది. "వస్తుందనుకున్నది కాదు, కావాలనుకున్నది ముందు పెట్టు," అంది. హారతి సూరత్ మొదట, వడోదర తర్వాత, అహ్మదాబాద్ చివర పెట్టింది. మొదటి విడతలో ఎక్కడా రాలేదు. రెండో విడతలో వడోదర వచ్చింది.

పద్మారాణి సన్నగా అడిగింది: "మూడోసారి దాక ఆగితే ఊర్లనే దొరకదా బిడ్డా?"

హారతి నోటుపుస్తకం మూడో పేజీ తీసి తల్లికి చూపించింది. సూరత్‌లో నిరుడు చివరి సీటు డెబ్బై ఒకటికి పోయింది. తనకున్నది అరవై ఆరు. ఆగితే వడోదర కూడా చెయ్యి జారుతుంది. తల్లికి అంకెలు అర్థమయ్యాయి, మనసుకే పట్టలేదు. అయినా మర్నాడు హాస్టలుకు కావలసిన దుప్పట్లు తనే కొనుక్కొచ్చింది.

బయలుదేరే ముందు రోజు నర్సవ్వ గుమ్మంలోకి వచ్చింది. పక్కన కళ్ళజోడుతో సాయిప్రియ ఉంది. పట్టీ వేసుకుని ఎడమ కంటితో అయిదో వరస దాకా చదువుతోందని విజయశ్రీ అప్పటికే చెప్పింది.

"నీ మీద కోపం పోయిందని చెప్పలేను బిడ్డా," అంది నర్సవ్వ. "కాని నువ్వు చెప్పకుంటే ఈ ఇంట్ల ఇంక లొల్లే నడుస్తుండె. పోయి మంచిగ సదువు." అంతే అంది. లోపలికి రాలేదు. హారతి ఆమె కాళ్ళకు దండం పెడితే వద్దనలేదు.

వడోదరలో మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. పాఠాలు ఇంగ్లీషులో. కంటి లోపలి పొరల పేర్లకు నోరు తిరిగేది కాదు. తరగతిలో చాలామందికి పద్దెనిమిదేళ్ళే. ఫ్రేములు బిగించడంలో మాత్రం ఎవరూ ఆమెకు సాటి రాలేకపోయారు. దానికి మార్కులు లేవు. మొదటి నెలవారీ పరీక్షల్లో ఒక సబ్జెక్టు పోయింది. మళ్ళీ రాసి గట్టెక్కింది.

దీపావళికి మగ్గాలన్నీ ఆగిపోయి సందంతా ఇళ్ళల్లోనే ఉన్నప్పుడు ఆమె బమ్రోలి వచ్చింది. కంటి చదువు చదువుతున్న పిల్ల వచ్చిందని తెలిసి పొద్దున్నే ఇంటి ముందు అయిదారుగురు చేరారు. ఒకరికి మసక, ఒకరికి నీరు కారడం, ఒక తల్లికి బిడ్డ మెల్లకన్నేమోనని అనుమానం. హారతి అందరినీ చాప మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరు చెప్పింది ఓపికగా విన్నది.

"నేనింక మొదటి ఏడే. నాకు తెలియదు," అని ఒక్కొక్కరికీ చెప్పింది. పాప కన్నుకు ఆలస్యం చెయ్యొద్దని ఆ తల్లికి రెండుసార్లు చెప్పింది. పండగ సెలవుల తర్వాత వచ్చే మొదటి బుధవారం తేదీ వేసి, హేమాంగినీ బెన్ కూర్చునే దుకాణం గుర్తులు రాసి, అందరికీ తలొక చీటీ ఇచ్చింది. కనకయ్య లోపల చాయ తాగుతూ అంతా విన్నాడు. ఇంకో గ్లాసు చాయ పోసి ఆమెకు తెచ్చిచ్చాడు.