తెర మీది మచ్చలు

మా బాపు ముప్పై ఏళ్లకు పైగా రైలింజన్ నడిపాడు. డోర్నకల్, కాజీపేటల మధ్య ఏ మలుపు తర్వాత ఏ సిగ్నల్ వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. రిటైరై వరంగల్‌లో ఇంటిపట్టున ఉండేసరికి ఆయనకు పొద్దు గడవడం కష్టమైంది. అందుకని నా పాత కంప్యూటర్‌లో ఆ దారిలోనే రైలు నడిపే గేమ్ ఒకటి ఎక్కించి ఇచ్చాను. మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని దాని ముందు కూర్చున్నాడు.

చిక్కల్లా గ్రాఫిక్స్ కార్డుతోనే. అది నేను ఇంజనీరింగ్ చదివేటప్పటిది. స్టేషన్ దగ్గరికి రాగానే బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఇంజన్ గిట్ల దుంకదు బిడ్డా అని విసుక్కునేవాడు.

కొత్తది కొనకుండా ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేద్దామనుకున్నాను. అంటే కార్డును కంపెనీ పెట్టిన వేగం కంటే కాస్త ఎక్కువ వేగంతో నడిపించడం. వేడెక్కి కాలిపోతుందేమోనని బాపు భయపడ్డాడు. ముందు దుమ్మంతా దులిపి, చిప్ మీద వేడిని లాగే పేస్టు ఎండిపోతే అది తీసి కొత్తది పూశాను. వోల్టేజీ జోలికి పోనని, వేగం కొంచెం కొంచెంగానే పెంచుతానని, పెంచిన ప్రతిసారీ అరగంట పరీక్షిస్తానని చెప్పాను. అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ ఆదివారమంతా నా పక్కన కూర్చుని వేడి ఎన్ని డిగ్రీలుందో పైకి చదివాడు. ఒక దశలో తెర మీద రంగు చుక్కలు మెరిశాయి. కార్డు ఇంతకు మించి మోయలేదనడానికి అదే గుర్తని చెప్పి, వేగం రెండు మెట్లు తగ్గించాను. ఆ సాయంత్రం బండి ఒక్క కుదుపు లేకుండా కాజీపేట చేరింది.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వచ్చేసరికి, తెర మీద నల్ల మచ్చలు కనవడ్తానయ్ అన్నాడు. కార్డు అలిసిపోయిందనుకుని వేగం తగ్గించాను. మచ్చలు పోలేదన్నాడు. మరికాస్త తగ్గించాను. చివరికి కంపెనీ వేగానికే తెచ్చాను. నేను చూసినప్పుడు ఏ మచ్చా లేదు. నేను లేనప్పుడు, కార్డు వేడెక్కాక వస్తున్నాయేమో అనుకున్నాను. అలా పన్నెండు రోజులు పోయాయి.

ఆదివారం పక్కనే కూర్చుని చూశాను.

"గదో, సిగ్నల్ పక్కపొంటి" అని వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఏమీ లేదు. కుర్చీని సున్నం గోడ వైపు తిప్పి, ఇప్పుడు చూడు బాపూ అన్నాను.

"గోడ మీద గూడ ఉన్నది" అన్నాడు.

ఎప్పటి నుంచని అడిగితే, మసక వానాకాలానికి ముందే మొదలైందని చెప్పాడు. సర్వీసులో కళ్ల పరీక్ష అంటే ఆయనకు హడలు. "చెప్తే ఇంజన్ మీదికెల్లి దింపుతరని భయం. గా అలవాటే ఉండిపోయింది బిడ్డా."

షుగర్ వల్ల కంటి లోపల రక్తం కారిందని దవాఖానలో చెప్పారు. ఎడమ కన్ను చేయి దాటిపోయింది. లేజర్ పెడితే కుడి కన్ను కొంతైనా నిలుస్తుందన్నారు. ముందే రావాల్సింది అని డాక్టరమ్మ అన్నప్పుడు, అందులో పన్నెండు రోజులు నావేనని నాకు తెలుసు. బాపు ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

లేజర్ తర్వాత మళ్లీ బండి నడుపుతానన్నాడు. కార్డును పాత వేగానికి పెంచి, పక్కన కూర్చుని సిగ్నల్ రంగులు చెప్పాను. ఇంజన్ చప్పుడును బట్టి బ్రేకు వేసేవాడు. కొన్నాళ్లు అలా నడిచింది. ఒక సాయంత్రం నేను చెప్పడం ఆలస్యమై, ఎర్ర సిగ్నల్ దాటేశాం. గేమ్ ఆగిపోయింది.

తప్పు నాదేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సిగ్నల్ చూడనోడు బండి నడపొద్దు" అన్నాడు మెల్లగా.

గోడ తడుముకుంటూ వాకిట్లోకి పోయాడు. తర్వాత ఆ కుర్చీలో ఆయన కూర్చోలేదు, కూర్చోమని నేనూ అడగలేదు.